ఊరి నుంచి ఊరికి మాట అందించిన మాక్సిమ్

రేడియో అనగానే మనకు వినడం ఒక్కటే గుర్తొస్తుంది. పెట్టెలోంచి పాటలు వస్తాయి, వార్తలు వస్తాయి. మనం తిరిగి జవాబు చెప్పడానికి వీలుండదు. కానీ వినడంతో పాటు మాట్లాడడానికీ వీలున్న రేడియోలు ఉన్నాయి. పోలీసుల చేతుల్లో, రైల్వే గార్డుల దగ్గర, సైన్యంలో పనిచేసే మన అమ్మానాన్నల దగ్గర వాటిని మనలో చాలామందిమి చూసే ఉంటాం. ఉద్యోగం కోసం కాకుండా, ఇష్టం కొద్దీ అలాంటి రేడియోలు పెట్టుకుని ఒకరితో ఒకరు మాట్లాడుకునేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. వాళ్లను అమెచ్యూర్ రేడియో వాళ్లంటారు, ముద్దుగా హామ్‌లంటారు. వాళ్లు పరీక్ష రాసి ప్రభుత్వం నుంచి లైసెన్సు తీసుకుంటారు. ఆ లైసెన్సుతో వచ్చే పిలుపు సంకేతమే గాలిలో వాళ్ల పేరు. ఈ పని చేసినందుకు ఎవరి దగ్గరా పైసా తీసుకోరు.

ఈ సంచికలో మేము చెప్పబోయేది అలాంటి ఒక మనిషి కథ. ఆయన పేరు హైరమ్ పర్సీ మాక్సిమ్. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రం, హార్ట్‌ఫోర్డ్ నగరంలో ఎక్కువ కాలం బతికిన ఇంజనీరు. దూరంగా ఉన్నవాళ్లకు మాట అందడం లేదన్న చిన్న ఇబ్బంది నుంచి ఆయనకు వచ్చిన ఆలోచన, నూరేళ్లు దాటాక కూడా లక్షల మందిని కలుపుతోంది. మూడేళ్లకోసారి ఊరు మారే మనలాంటి పిల్లలకు ఆయన కథ తెలిసి ఉండాలనిపించింది.

తండ్రి నీడ

పర్సీ 1869 సెప్టెంబరు 2న న్యూయార్క్ పక్కనున్న బ్రూక్లిన్‌లో పుట్టాడు. తల్లి పేరు జేన్. ఇద్దరు చెల్లెళ్లు. తండ్రి హైరమ్ స్టీవెన్స్ మాక్సిమ్ అప్పటికే పేరున్న ఇంజనీరు. విద్యుత్ దీపాల మీద పనిచేసేవాడు. ఏ వస్తువు చేతికిచ్చినా విప్పి చూసి మెరుగు చేసే మనిషి.

1881లో పారిస్‌లో పెద్ద విద్యుత్ ప్రదర్శన జరిగింది. కంపెనీ పని మీద తండ్రి ఓడెక్కి ఐరోపా వెళ్లాడు. అప్పటికి పర్సీకి పన్నెండేళ్లు నిండబోతున్నాయి. వెళ్లిన తండ్రి లండన్‌లో స్థిరపడిపోయాడు. అక్కడే మరో సంసారం ఏర్పడింది. తిరిగి వచ్చి ఈ పిల్లలతో కలిసి ఉండనే లేదు. ఆ రోజుల్లో ఇంటి నుంచి ఫోను చేసే వీలు లేదు. ఉత్తరం రాస్తే ఓడలో వెళ్లాలి, జవాబు మళ్లీ ఓడలో రావాలి. పిల్లలను తల్లే పెంచింది.

లండన్‌లో ఆ తండ్రి 1884 ప్రాంతంలో ఒక తుపాకీని కనిపెట్టాడు. మీట ఒకసారి నొక్కి పట్టుకుంటే ఆగకుండా గుళ్లు కురిపించే మెషిన్ గన్ అది. మాక్సిమ్ గన్ పేరుతో ప్రపంచమంతా పాకింది. ఎన్నో దేశాలను లొంగదీసుకోవడానికి, తరవాత మొదటి ప్రపంచ యుద్ధంలో లెక్కలేనంత మందిని చంపడానికి అది సాధనమైంది. దాన్ని చేసినందుకు ఆ తండ్రికి గొప్ప పేరు, ధనం, ఇంగ్లండ్‌లో సర్ అనే బిరుదు వచ్చాయి. బాబాయి హడ్సన్ మాక్సిమ్ కూడా పేలుడు పదార్థాలు చేసి పేరు తెచ్చుకున్నవాడే. అలాంటి ఇంటిపేరుతో పర్సీ పెరిగాడు.

తండ్రి మీద కోపం ఉండి ఉంటుందని మనం అనుకోవచ్చు. కానీ పెద్దయ్యాక పర్సీ తన బాల్యం గురించి ఒక పుస్తకం రాశారు. తండ్రి చేసిన చిత్రమైన పనులన్నీ అందులో నవ్వుతూ చెప్పారు. ఎ జీనియస్ ఇన్ ద ఫ్యామిలీ అనే ఆ పుస్తకం 1936లో వచ్చింది. దాని ఆధారంగా తరవాత ఒక సినిమా కూడా తీశారు.

అగ్గిపుల్ల, పెట్రోలు చుక్క

పర్సీ చదువులో చురుకైనవాడు. బోస్టన్‌లోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో, అంటే ఇప్పుడు ఎంఐటీగా మనందరికీ తెలిసిన సంస్థలో, 1886లో చదువు ముగించాడు. అప్పటికి ఇంకా పదిహేడేళ్లు నిండలేదు. కొన్నేళ్లకు లిన్ అనే ఊళ్లో ఫిరంగి గుళ్లు చేసే కర్మాగారంలో పర్యవేక్షకుడయ్యాడు.

1892లో ఒక రాత్రి అతను పక్క ఊరి నుంచి సైకిల్ మీద ఇంటికి వస్తున్నాడు. చీకటి, నిర్జనమైన దారి, తొక్కీ తొక్కీ అలిసిన కాళ్లు. ఈ సైకిల్‌కు ఒక చిన్న ఇంజను తగిలిస్తే తొక్కే పనే ఉండదు కదా అనిపించింది. మోటారు కార్లు నడుపుతున్నవాళ్లు ఐరోపాలో అప్పటికే కొందరు ఉన్నారు. ఆ సంగతి అతనికి తెలియదు. అందుకే మొదటి అడుగు నుంచి తానే వేసుకున్నాడు.

పెట్రోలుకు ఎంత శక్తి ఉందో ముందు తేల్చాలి. ఖాళీ ఫిరంగి గుండు తొడుగులో ఒక్క చుక్క పెట్రోలు వేసి, దొర్లించి, ఆవిరయ్యాక వెలిగించిన అగ్గిపుల్ల పడేశాడు. పెద్ద శబ్దంతో మంట ఎగిసింది. ఒక చుక్కలో అంత బలం ఉందా అని ఆశ్చర్యపోయాడు. తరవాత ఆ ప్రయోగాల గురించి తానే సరదాగా రాశారు. అదృష్టం బాగుండి ప్రాణాలతో బయటపడ్డ ప్రయోగం అది, మనలో ఎవరమూ ఎన్నడూ చేయకూడనిది.

ఆ చుక్క నుంచి ఇంజను పుట్టింది. దాన్ని మూడు చక్రాల బండికి తగిలించాడు. ఆ పని చూసి హార్ట్‌ఫోర్డ్‌లో సైకిళ్లు తయారుచేసే పోప్ కంపెనీ వాళ్లు 1895లో అతన్ని పిలిచి ఉద్యోగమిచ్చారు. కొలంబియా పేరుతో వాళ్లు తెచ్చిన తొలి మోటారు బళ్ల వెనక ఉన్న ఇంజనీరు ఆయనే. వాటిలో బ్యాటరీతో నడిచేవీ ఉన్నాయి. నూట ఇరవై ఏళ్లకు పైగా దాటాక మన రోడ్ల మీదికి విద్యుత్ బళ్లు మళ్లీ వస్తున్నాయి చూడండి. 1898లో జోసెఫిన్ హామిల్టన్‌ను పెళ్లి చేసుకున్నారు. ఒక కొడుకు, ఒక కూతురు పుట్టారు.

చప్పుడు తగ్గించిన మనిషి

తండ్రి చెవులు పగిలే తుపాకీ చేస్తే, కొడుకు తుపాకీ చప్పుడును తగ్గించే గొట్టం చేశారు. స్నానాల తొట్టిలోంచి నీళ్లు సుడి తిరుగుతూ నెమ్మదిగా కిందికి పోవడం చూసి ఆయనకీ ఆలోచన తట్టిందని చెబుతారు. తుపాకీ పేలినప్పుడు వేడి వాయువు ఒక్కసారిగా బయటికి తన్నుకొస్తుంది. అందుకే ఢాం అని మోగుతుంది. ఆ వాయువును కూడా నీళ్లలా సుడి తిప్పి మెల్లగా వదిలితే చప్పుడు తగ్గుతుంది. 1909 మార్చిలో ఆయనకు పేటెంట్ వచ్చింది. మాక్సిమ్ సైలెన్సర్ అదే.

తరవాతి రోజుల్లో ఆయన కంపెనీ అదే సూత్రంతో ఇంజన్ల రొదను, కర్మాగారాల్లోని గాలి గొట్టాల మోతను తగ్గించే పరికరాలు చేసింది. మోటారు సైకిలుకు వెనక ఉండే గొట్టాన్ని మనం ఇప్పటికీ సైలెన్సర్ అనే అంటాం. దానిలో జరిగేదీ దాదాపు ఇదే పని.

కొడుకుతో మొదలైన ఆట

ఆ కాలంలో కొత్త వింత వైర్‌లెస్. తీగ లేకుండా ఒక చోటి నుంచి మరో చోటికి సంకేతాలు పంపడం. అప్పటికింకా మనిషి గొంతు పంపడం మామూలు వాడుకలోకి రాలేదు. టప టపమని నిప్పురవ్వలు ఎగిరే యంత్రం ఉండేది. మీట తక్కువసేపు నొక్కితే చుక్క, ఎక్కువసేపు నొక్కితే గీత. ఆ చుక్కలు, గీతలు కలిపి అక్షరాలు చేసుకునే పద్ధతిని మోర్స్ కోడ్ అంటారు. చెవికి ఫోను తగిలించుకుని అవతలివాళ్లు వాటిని కాగితం మీద రాసుకునేవారు.

1910 దాటాక మాక్సిమ్ కొడుక్కు దీని మీద సరదా పుట్టింది. తండ్రీ కొడుకులిద్దరూ కూర్చుని ఇంట్లోనే సెట్టు కట్టారు. కొంతకాలానికి కొడుకు కంటే తండ్రికే పిచ్చి ఎక్కువైంది. తన చిన్నప్పుడు తండ్రి దగ్గర లేడు. తాను తండ్రి అయ్యాక మాత్రం పిల్లవాడి పక్కన కూర్చుని తీగలు చుట్టారు. మాకు ఆయన జీవితంలో బాగా నచ్చిన సంగతి ఇది.

1914 జనవరిలో హార్ట్‌ఫోర్డ్‌లో ఒక రేడియో క్లబ్బు ఏర్పడింది. దానికి కార్యదర్శి క్లారెన్స్ టస్కా అనే పదిహేడేళ్ల కుర్రవాడు. మాక్సిమ్‌కు అప్పటికి నలభై నాలుగేళ్లు. వయసులో అంత తేడా ఉన్నా ఆ ఇద్దరూ సమానుల్లా కలిసి పనిచేశారు. హామ్‌ల లోకంలో ఇప్పటికీ అంతే. గాలిలో వినిపించే సంకేతానికి వయసు ఉండదు, హోదా ఉండదు.

నలభై కిలోమీటర్ల చిక్కు

1914 ఏప్రిల్‌లో ఒక రాత్రి మాక్సిమ్ స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఉన్న మరో హామ్‌కు ఒక సందేశం పంపాలనుకున్నారు. స్ప్రింగ్‌ఫీల్డ్ హార్ట్‌ఫోర్డ్‌కు సుమారు 40 కిలోమీటర్ల దూరం. ఆయన సెట్టు చిన్నదేమీ కాదు, ఒక కిలోవాట్ శక్తి గలది. అయినా ఎంతసేపు పిలిచినా అవతలి నుంచి జవాబు లేదు.

అప్పుడు ఆయనకు దారిలో ఉన్న విండ్సర్ లాక్స్ అనే ఊరు గుర్తొచ్చింది. అక్కడ మరో హామ్ మిత్రుడున్నాడు. అతన్ని పిలిస్తే వెంటనే పలికాడు. సందేశం అతనికి ఇస్తే, అతను దాన్ని స్ప్రింగ్‌ఫీల్డ్‌కు అందించాడు. పని అయిపోయింది.

చాలామంది అంతటితో పడుకునేవారు. మాక్సిమ్ మాత్రం ఆలోచించారు. మేస్త్రీలు ఇల్లు కట్టేటప్పుడు కూలీలు వరసగా నిలబడి ఇటుకలు చేతి నుంచి చేతికి అందించడం మనం చూస్తాం. ఒక్కడు ఇటుకను మూడో అంతస్తు దాకా విసరలేడు. పదిమంది నిలబడితే వెయ్యి ఇటుకలు పైకి చేరతాయి. మాటను కూడా అలా అందించవచ్చు కదా. ఊరికొక హామ్ ఉంటే, ఒక్కొక్కరూ పక్క ఊరికి అందిస్తే, ఏ ఒక్కరి సెట్టుకూ పెద్ద శక్తి అక్కరలేదు. దేశం ఈ కొస నుంచి ఆ కొస దాకా మాట వెళ్తుంది.

ఆ నెలలోనే క్లబ్బు సమావేశంలో ఆయన ఈ ప్రతిపాదన పెట్టారు. మే నెలకల్లా అమెరికన్ రేడియో రిలే లీగ్ పుట్టింది. రిలే అంటే ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి అందించడం. మన స్పోర్ట్స్ డే నాడు బ్యాటన్ పట్టుకుని పరుగెత్తే పందేనికి ఆ పేరు అందుకే వచ్చింది. మాక్సిమ్, టస్కా కలిసి దేశంలో తెలిసిన హామ్‌లందరికీ దరఖాస్తులు పంపారు. ఆ ఏడాది చివరికల్లా వేసిన తొలి చిరునామాల పుస్తకంలో 200కు పైగా స్టేషన్ల పేర్లున్నాయి. 1915 డిసెంబరులో క్యూఎస్‌టీ అనే పత్రిక మొదలైంది. అన్ని స్టేషన్లూ వినండి అని చెప్పే సంకేతం ఆ పేరు. మొదట్లో దాని ఖర్చంతా సొంత జేబుల్లోంచే. ఆ పత్రిక ఇప్పటికీ వస్తోంది.

1917 ఫిబ్రవరి 6న న్యూయార్క్‌లోని ఒక హామ్ నుంచి బయలుదేరిన సందేశం, మధ్యలో మిస్సోరి రాష్ట్రంలో ఒకరి చేయి, డెన్వర్ నగరంలో మరొకరి చేయి మారి, పసిఫిక్ సముద్రం దగ్గరి లాస్ ఏంజెలిస్ చేరింది. జవాబు కూడా అదే దారిలో వెనక్కి వచ్చింది. పోనూ రానూ పట్టిన సమయం 1 గంట 20 నిమిషాలు. ఆ దూరం రైల్లో వెళ్లాలంటే అప్పట్లో రోజులు పట్టేది.

నోళ్లు మూయించిన యుద్ధం

ఆ సంతోషం రెండు నెలలే నిలిచింది. 1917 ఏప్రిల్ 6న అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలో దిగింది. శత్రువు వినకూడదని ప్రభుత్వం హామ్ స్టేషన్లన్నిటినీ మూసేయమంది. సుమారు 6,000 స్టేషన్లు మూగబోయాయి. ఏరియల్ తీగలు దించేశారు, సెట్లు విప్పేశారు. క్యూఎస్‌టీ కూడా కొద్ది నెలలకే ఆగిపోయింది. చాలామంది హామ్ కుర్రాళ్లు సైన్యంలో, నౌకాదళంలో రేడియో ఆపరేటర్లుగా చేరారు. మోర్స్ ముందే వచ్చినవాళ్లు కాబట్టి వాళ్లకు కొత్తగా నేర్పాల్సింది తక్కువ.

యుద్ధం 1918 నవంబరులో ముగిసింది. ఇక తిరిగి మాట్లాడుకోవచ్చని అందరూ ఎదురుచూస్తుంటే పెద్ద దెబ్బ తగలబోయింది. దేశంలోని రేడియో అంతా నౌకాదళం చేతిలోనే ఉండాలని అమెరికన్ పార్లమెంటులో ఒక బిల్లు వచ్చింది. అది చట్టమైతే హామ్‌లు ఇక ఉండరు.

మాక్సిమ్ వాషింగ్టన్ వెళ్లి సభ్యుల ముందు నిలబడి వాదించారు. ఈ కుర్రాళ్లు ఆటగా నేర్చుకున్న విద్యే యుద్ధంలో దేశానికి పనికొచ్చిందని, ఆ ఆటను ఆపేస్తే రేపటి ఇంజనీర్లు ఎక్కడి నుంచి వస్తారని ఆయన వాదన సారాంశం. ఇళ్లలో ఉన్న హామ్‌లు, వాళ్ల తల్లిదండ్రులు తమ ప్రతినిధులకు ఉత్తరాలు రాశారు. చివరికి బిల్లు పక్కకు పోయింది.

గండం గడిచింది కానీ లీగ్ దగ్గర మిగిలింది ఏమీ లేదు. 1919 మొదట్లో పెద్దలు సమావేశమైనప్పుడు ఖజానాలో ఉన్నది 33 డాలర్లు. సభ్యులు ఎవరెక్కడ ఉన్నారో తెలియదు. హాజరైనవాళ్లు జేబులు తడుముకుని డబ్బు వేసుకున్నారు, పాత సభ్యుల దగ్గర అప్పు తీసుకున్నారు. పత్రికను మళ్లీ అచ్చు వేశారు. 1919 అక్టోబరులో ప్రసారాల మీద నిషేధం పూర్తిగా పోయింది. రెండున్నరేళ్ల మౌనం తరవాత మళ్లీ చుక్కలు, గీతలు వినిపించాయి.

పనికిరాదని ఇచ్చిన చోటు

ఇక్కడ ఒక సంగతి వెనక్కి వెళ్లి చెప్పుకోవాలి. 1912లో అమెరికా చట్టం హామ్‌లను 200 మీటర్ల తరంగానికి, అంతకంటే పొట్టి తరంగాలకు పరిమితం చేసింది. పొడుగు తరంగాలే దూరం వెళ్తాయని ఆనాటి పెద్దల నమ్మకం. ఎవరికీ అక్కరలేని పొట్టి తరంగాలు పిల్లలకు ఇచ్చేస్తే వాళ్లంతట వాళ్లే విసిగి మానేస్తారని అనుకున్నారు.

జరిగింది వేరు. 1921 డిసెంబరులో లీగ్ పాల్ గాడ్లీ అనే నిపుణుణ్ణి ఓడలో స్కాట్లండ్ పంపింది. ఆర్డ్రోసన్ అనే ఊరి సముద్రపు ఒడ్డున, వానలో, చలిలో గుడారం వేసుకుని ఆయన రాత్రుళ్లు విన్నాడు. అట్లాంటిక్ అవతలి నుంచి అమెరికన్ హామ్‌ల సంకేతాలు వినిపించాయి. 1923 నవంబరులో ఫ్రాన్సులోని లియోన్ డెలాయ్, కనెక్టికట్‌లోని ఫ్రెడ్ ష్నెల్ సముద్రం మీదుగా అటూ ఇటూ మాట్లాడుకున్నారు. అదీ 100 మీటర్ల దగ్గరి పొట్టి తరంగం మీద. 1924 అక్టోబరు 18న న్యూజిలాండ్‌లోని ఫ్రాంక్ బెల్ లండన్‌ను పట్టుకున్నాడు. లండన్‌లో జవాబిచ్చింది మిల్ హిల్ స్కూల్లో చదువుకుంటున్న సెసిల్ గాయ్‌డర్ అనే విద్యార్థి. బడి నుంచి భూగోళం అవతలికి మాట వెళ్లింది.

కారణం ఏమిటంటే, భూమికి చాలా ఎత్తున గాలిలో విద్యుదావేశం ఉన్న పొరలున్నాయి. వాటిని అయనో ఆవరణం అంటారు. పొట్టి తరంగాలు అక్కడి దాకా వెళ్లి, వంగి, మళ్లీ దూరంగా ఎక్కడో నేలకు దిగుతాయి. పనికిరాదని పారేసిన చోటే అసలైన నిధి అని హామ్‌లు చేసి చూపించారు. ఆ తరవాత ప్రపంచంలోని పెద్ద పెద్ద కంపెనీలన్నీ పొట్టి తరంగాల కోసం పరుగెత్తాయి.

ఇన్ని దేశాల వాళ్లు మాట్లాడుకోవడం మొదలయ్యాక అందరికీ కలిపి ఒక సంఘం కావాలి. 1925 ఏప్రిల్ 18న పారిస్‌లో అంతర్జాతీయ అమెచ్యూర్ రేడియో యూనియన్ ఏర్పడింది. దానికి తొలి అధ్యక్షుడు మాక్సిమ్. నలభై నాలుగేళ్ల కిందట తండ్రి ఇల్లు వదిలి వెళ్లిందీ ఆ నగరానికే. ఆ నగరంలోనే కొడుకు దేశాలను కలిపే పని చేశారు. ఏటా ఏప్రిల్ 18ని ప్రపంచ అమెచ్యూర్ రేడియో దినంగా జరుపుకుంటున్నాం.

ముసలాయన

మాక్సిమ్‌ను గంభీరమైన మనిషి అనుకోకండి. క్యూఎస్‌టీలో ది ఓల్డ్ మ్యాన్, అంటే ముసలాయన, అనే పేరుతో ఒకరు రాసేవారు. అనవసరంగా గాలిని నింపేవాళ్లను, ఇతరుల మాటకు అడ్డు తగిలేవాళ్లను కడుపుబ్బ నవ్విస్తూనే తిట్టేవారు. అలాంటివాళ్లను శిక్షించడానికి వూఫ్ హాంగ్ అనే భయంకరమైన ఆయుధం ఉందని ఆయనే ప్రచారంలో పెట్టారు. ఒకరోజు లీగ్ కార్యాలయానికి వంకర చెక్కలు కట్టిన ఆ ఆయుధం నిజంగానే వచ్చింది. రాసేది ఎవరని అందరూ తలలు బద్దలు కొట్టుకున్నారు. అది మాక్సిమేనని ఆయన పోయాకే అందరికీ తెలిసింది. కోప్పడకుండా మర్యాద నేర్పడానికి ఆయన ఎంచుకున్న దారి అది.

సరదాలు ఆయనకు ఇంకా ఉన్నాయి. ఇళ్లలో సొంతంగా సినిమాలు తీసుకునేవాళ్ల కోసం 1926లో అమెచ్యూర్ సినిమా లీగ్ పెట్టారు. నక్షత్రాలన్నా, ఇతర గ్రహాల మీద జీవం ఉందా అన్న ప్రశ్న అన్నా ఎంతో ఆసక్తి. 1936 ఫిబ్రవరిలో ఆరిజోనాలోని లోవెల్ వేధశాల చూడడానికి రైల్లో బయలుదేరారు. దారిలో జబ్బు చేసింది. కొలరాడోలోని లా హుంటా అనే ఊళ్లో దింపి ఆసుపత్రిలో చేర్చారు. ఫిబ్రవరి 17న అక్కడే కన్నుమూశారు. వయసు 66.

నెల తిరగకుండానే అమెరికా ఈశాన్యంలో భయంకరమైన వరదలు వచ్చాయి. కనెక్టికట్ నది పొంగి హార్ట్‌ఫోర్డ్ నీట మునిగింది. టెలిఫోను తీగలు తెగాయి. ఆ రోజుల్లో ఊరి నుంచి ఊరికి సమాచారం అందించినవాళ్లలో హామ్‌లు ముందున్నారు. స్థాపించిన మనిషి లేడు, ఆయన పేర్చిన వరస మాత్రం చెదరలేదు.

ఆయన పిలుపు సంకేతం డబ్ల్యూ1ఏడబ్ల్యూ. మామూలుగా మనిషితో పాటే అది ఆగిపోవాలి. కానీ దాన్ని లీగ్ కేంద్ర స్టేషన్‌కు ఇచ్చారు. ఆ స్టేషన్‌ను 1938లో న్యూయింగ్టన్‌లో ప్రారంభించారు. కొత్తగా మోర్స్ నేర్చుకునేవాళ్ల కోసం ఆ పేరుతో నేటికీ పాఠాలు ప్రసారమవుతాయి.

విండ్సర్ లాక్స్ మిత్రుడు ఇప్పుడెక్కడున్నాడు?

ఆ రాత్రి మధ్యలో నిలబడి మాట అందించిన మిత్రుడి పనిని ఇప్పుడు ఒక యంత్రం చేస్తోంది. దాని పేరు రిపీటర్. చేతిలో పట్టుకునే చిన్న సెట్టు శక్తి ఐదు వాట్లు మాత్రమే ఉంటుంది. దాని తరంగాలు దాదాపు తిన్నగా వెళ్తాయి. కొండ అడ్డొచ్చినా, పెద్ద భవనాలు అడ్డొచ్చినా ఆగిపోతాయి. అందుకని ఎత్తైన కొండ మీదో, ఎత్తైన భవనం మీదో రిపీటర్ పెడతారు. అది ఒక పౌనఃపున్యం మీద వింటుంది. విన్నదాన్ని అదే క్షణంలో మరో పౌనఃపున్యం మీద, ఎక్కువ శక్తితో తిరిగి పంపుతుంది. రెండూ ఒకటే అయితే తన గొంతు తనకే వినిపించి గందరగోళమవుతుంది కాబట్టి కొంచెం తేడా ఉంచుతారు. 144 మెగాహెర్ట్జ్ దగ్గరి హామ్ రిపీటర్లలో ఆ తేడా సాధారణంగా 600 కిలోహెర్ట్జ్. కొండకు ఈ పక్కనున్నవాళ్లూ ఆ పక్కనున్నవాళ్లూ ఇలా హాయిగా మాట్లాడుకుంటారు.

కొండ కంటే ఎత్తైన చోటు ఆకాశం. 2005 మే 5న ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీహరికోట నుంచి మన ఇస్రో ఒక పీఎస్‌ఎల్‌వీ రాకెట్‌లో హామ్‌శాట్ అనే చిన్న ఉపగ్రహాన్ని పంపింది. హామ్‌ల మాటలు విని తిరిగి భూమికి పంపడమే 2014 దాకా దాని పనిగా ఉండేది. అంటే అది కక్ష్యలో తిరుగుతూ పనిచేసిన రిపీటర్. దాని బరువు 42.5 కిలోలు. మాక్సిమ్ ఆలోచన అలా మన తెలుగు నేల మీది నుంచి ఆకాశానికి ఎక్కింది.

మరో సంగతి. 2004 డిసెంబరులో హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ గారు బృందంతో అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్ వెళ్లారు. ఆ దీవుల నుంచి ప్రపంచంలోని హామ్‌లతో మాట్లాడడం వాళ్ల ఉద్దేశం. డిసెంబరు 26న సునామీ వచ్చింది. టెలిఫోన్లు పోయాయి. సరదా కోసం తెచ్చిన సెట్లే దీవులకూ దేశానికీ మధ్య మాట అందించే సాధనాలయ్యాయి. తమవాళ్లు బతికే ఉన్నారా లేదా అని తల్లడిల్లుతున్న కుటుంబాలకు ఆ సెట్ల ద్వారా కబురు వెళ్లింది.

మన దేశంలో 12 ఏళ్లు నిండినవాళ్లెవరైనా హామ్ పరీక్ష రాయవచ్చు. మన మాజీ ప్రధాని రాజీవ్ గాంధీ కూడా లైసెన్సున్న హామే. వీయూ2ఆర్‌జీ ఆయన సంకేతం. లైసెన్సు లేకుండా ప్రసారం చేయడం నేరమని మాత్రం గుర్తుంచుకోవాలి. వినడంతో, మోర్స్ నేర్చుకోవడంతో మొదలుపెట్టవచ్చు.

మనం బదిలీ మీద ఊరు వదిలేటప్పుడు కొన్నాళ్లు ఉత్తరాలు, ఫోన్లు నడుస్తాయి, తరవాత తగ్గిపోతాయి. మధ్యలో ఒకరు పూనుకుని అతని సంగతి ఆమెకు, ఆమె సంగతి ఇతనికి చెబుతూ ఉంటేనే పాత తరగతి కలిసి ఉంటుంది. ప్రతి తరగతిలోనూ అలాంటివాళ్లు ఒకరుంటారు. మాక్సిమ్ పేరు చరిత్రలో ఉంది, విండ్సర్ లాక్స్ మిత్రుడి పేరు చాలామందికి తెలియదు. కానీ ఆ రాత్రి సందేశం చేరింది అతని వల్లే. రెండు పనులూ గొప్పవే. దూరాన్ని చూసి దిగులుపడకుండా పక్క ఊరిదాకా మన వంతు మాట అందిస్తే చాలు, తరవాతి చేయి ఎక్కడో సిద్ధంగానే ఉంటుంది.